ఓడదొంగల టీచరమ్మ

మొన్న సోమవారం పొద్దున షాపు షట్టరు ఎత్తుతుండగా ఫోన్ మోగింది. కృష్ణానది అవతలి ఒడ్డు నుంచి టీచరమ్మ చెల్లెలి కూతురు చేసింది. "అక్కా, పెద్దమ్మ పోయింది. కాఫీ తాగింది, గ్లాసు కింద పెట్టింది, గోడకి ఆనుకుంది. అంతే" అంది. అప్పటికే ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన గొంతు అది.

షట్టరు సగంలో వదిలేసి మెట్టు మీద కూర్చుండిపోయాను. పక్కన టీ బంకు బాబాయి వచ్చి ఏమైందని అడిగితే చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి, బల్ల మీద కూర్చున్నవాళ్లతో, "ఓడదొంగల టీచరమ్మ పోయిందంటయ్యా" అన్నాడు. టీ తాగుతున్న ఒక పెద్దాయన గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "మా చెల్లెలికి, చెల్లెలి కూతురికీ కూడా పాఠం చెప్పిందా యమ్మ" అన్నాడు.

గురజాలలో ఆమెకు ఆ పేరే స్థిరపడింది. ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా సోషల్ చెప్పి రిటైరైన మనిషిని అలా పిలవడం మొదట్లో ఎగతాళికే. ఆమె మాత్రం, "ఏ పేరైతే ఏంది, పుస్తకం గుర్తుంది గదా" అని నవ్వేది. ఆ పుస్తకాన్ని టైపు చేసింది నేను. ఆమె గురించి రాయడానికి నాకున్న అర్హత అదొక్కటే.

నాది తహసీల్దారు ఆఫీసు ఎదుటి సందులో జిరాక్సు, డీటీపీ షాపు. పొలం పాసు పుస్తకాల అర్జీలు, కులం సర్టిఫికెట్ల దరఖాస్తులు, పెళ్లి పత్రికలు నా పని. ఆరేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం టీచరమ్మ గుడ్డసంచీలోంచి కాగితాల కట్ట తీసి కౌంటరు మీద పెట్టింది. "టైపు చేయాలమ్మాయ్. తొందరేం లేదు. తప్పులు మాత్రం ఉండగూడదు" అంది. మొదటి కాగితం చదివి తల ఎత్తాను. సముద్రం మీద ఓడల్ని కొల్లగొట్టిన ఆడవాళ్ల గురించి పుస్తకాలు ఏం రాశాయి, ఏం రాయలేదు అన్నది విషయం. మా ఊళ్లో సముద్రం చూసినవాళ్లే తక్కువ.

"ఇదేందండీ టీచరుగారూ, దొంగల గురించా?" అన్నాను.

"దొంగల గురించే. అంతకన్నా ఎక్కువ, ఆ దొంగల గురించి రాసినోళ్ల గురించి."

అది ఎలా మొదలైందో తర్వాత చెప్పింది. ఒకరోజు తొమ్మిదో తరగతిలో సముద్ర వర్తకం పాఠం చెబుతుంటే, వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "టీచర్, ఓడల్ని దోచుకునే దొంగల్లో ఆడోళ్లు లేరా?" అని అడిగిందట. క్లాసంతా నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు. "తెలీదమ్మా, చూసి చెప్తా" అంది. చూడటం మొదలుపెట్టింది. గుంటూరు పాత పుస్తకాల షాపుల్లో దొరికినవి కొన్ని, విజయవాడ నుంచి తెప్పించుకున్నవి కొన్ని, ఫోన్లో దించుకుని ప్రింటు తీయించుకున్నవి మరికొన్ని. ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేది. ఆ పిల్లకు జవాబు దొరికే లోపల ఆ పిల్ల టెన్త్ పాసై, పెళ్లి చేసుకుని ఈపూరు వెళ్లిపోయింది. టీచరమ్మ ఆమె అడ్రసు కనుక్కుని ఉత్తరం రాసింది: "ఉన్నారమ్మా. చానామంది ఉన్నారు."

చదివేటప్పుడు ఆమెకో అలవాటు ఉండేది. పుస్తకం అంచున పెన్సిలుతో రెండు రకాల గుర్తులు పెట్టేది. రాసినాయనకు ఆధారం ఉన్నచోట గీత, ఊహించి రాసినచోట సున్న. ఒకసారి మూడు పుస్తకాలు తెచ్చి నా కీబోర్డు పక్కన వరసగా తెరిచి పెట్టింది. మూడూ ఒకామె గురించే. వెస్టిండీస్ సముద్రంలో దొరికిపోయి, జమైకాలో విచారణకు నిలబడిన ఇద్దరు ఆడవాళ్లలో ఒకామె. ఒక పుస్తకంలో ఆమె జుట్టు రంగు గురించి అర పేజీ ఉంది. రెండోదాంట్లో ఆమె కోపం. మూడోదాంట్లో ఆమె ఎవరిని ప్రేమించింది, ఎవర్ని వదిలింది. అంచులంతా సున్నలే.

"చూశావా, ముగ్గురు రాశారు. ఆమె తాడు పట్టుకుందో, తెడ్డు పట్టుకుందో, ఓడలో ఏం పని చేసిందో ఒక్కడికీ పట్టలేదు. మొగ దొంగల గురించి రాసేటప్పుడు ఏ దారిన పోయారు, ఎట్టా పంచుకున్నారు అని రాస్తారు. ఆడది అనేసరికి ముందు మొహం చూస్తారు."

చైనా సముద్రంలో మొగుడు పోయాక వందల ఓడల్ని ఏలిన ఒకామె ఉంది. ఆమె మీద రాసిన పుస్తకాలంటే టీచరమ్మకు ఇంకా మంట. "ఈయన చూడు, మొదటి పేజీలో ఆమె పెళ్లికి ముందు ఏం చేసేదో రాస్తాడు, చివరి పేజీలో ముసలితనంలో ఏం చేసిందో రాస్తాడు. మధ్యలో అన్ని ఓడలకి తిండి, మంచినీళ్లు ఎట్టా అందించిందో రాయడు. మన బజార్లో పెళ్లికి నాలుగొందల మందికి వండించాలంటేనే మొగోళ్లందరికీ తల తిరిగిపోద్ది" అనేది. మాది వ్యాపారస్తుల బజారు. ఆమెదీ అక్కడే, గోతాలు, పురికొస అమ్మే ఇంట్లో పుట్టింది. సరుకు ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది అన్నది చూడకుండా ఏ కథనూ నమ్మేది కాదు.

అలాగని వాళ్లను దేవతల్ని చేయలేదు. ఈ ముక్క నేను గట్టిగా చెప్పాలి, ఎందుకంటే పుస్తకం చదవకుండానే "దొంగముండల్ని మెచ్చుకుంటూ రాసింది" అన్నవాళ్లున్నారు. జమైకా విచారణలో ఆ ఇద్దరి మీద సాక్ష్యం చెప్పినవాళ్లలో ఒకామె ఉంది. చిన్న పడవలో సరుకు వేసుకుని పోతుంటే ఈ దొంగలు దోచుకున్నారు. పెద్ద పుస్తకాల్లో ఆమెకు రెండు వాక్యాలు దక్కాయి. టీచరమ్మ ఆమెకు ఒక అధ్యాయం ఇచ్చింది. "దోచుకున్న ఆడది ఎంత ఆడదో, దోపిడీకి గురైన ఆడదీ అంతే ఆడది. చంపినోళ్లని చంపారనే రాయాలి" అని నాచేత ఆ వాక్యాన్ని రెండుసార్లు సరిచేయించింది.

ఇక్కడ ఆమె పెళ్లి గురించి, ఒంటరిగా ఎందుకుందన్న దాని గురించి రాయమని ఒకరిద్దరు అడిగారు. రాయను. ఇన్ని పుస్తకాల మీద సున్నలు చుట్టిన మనిషికి నేనూ అదే చేస్తే బాగుండదు.

రెండేళ్లు పట్టింది టైపు పూర్తి కావడానికి. వారానికి రెండు రోజులు వచ్చి ప్లాస్టిక్ కుర్చీ నా పక్కకు లాక్కుని కూర్చునేది. ఎవరైనా అర్జీ పట్టుకుని వస్తే, "ముందు వాళ్ల పని చూడమ్మాయ్, నా వాళ్లు చచ్చిపోయి చానా కాలమైంది, ఆగుతారు" అనేది. ఆ రెండేళ్లలోనే ఆమె కళ్లు పాడయ్యాయి. నీటికాసులు అన్నారు నరసరావుపేట డాక్టరు. కుడి కన్ను అప్పటికే పోయింది, ఎడమ కన్ను ఎంతకాలం ఉంటుందో చెప్పలేమన్నారు. ఆ రోజు బస్సులో తిరిగొస్తూ ఆమె ఒక్క మాటే అంది. "పుస్తకం అచ్చులో చూసుకుంటే చాలమ్మాయ్. తర్వాత ఎవరైనా చదివి పెడతారు."

ఆ మాట నా గుండెలో పడింది. నేను చేసిన తప్పుకు మూలం కూడా అదే.

విజయవాడలో ఒక ప్రచురణకర్తకు పుస్తకం పంపాం. ఆయన నాకే ఫోన్ చేశాడు, మెయిల్ పంపింది నేను కాబట్టి. బాగుందన్నాడు, బళ్లు తెరిచేలోపు వేస్తానన్నాడు. ఒక్క మార్పు కావాలన్నాడు. జమైకాలో ఇద్దరికీ ఉరి పడింది. ఇద్దరూ కడుపుతో ఉన్నామని చెప్పడంతో ఉరి ఆగింది. ఒకామె జైల్లోనే చనిపోయింది. రెండో ఆమె ఏమైందో ఏ కాగితంలోనూ లేదు. టీచరమ్మ ఆ అధ్యాయాన్ని "ఆ తర్వాత ఆమె ఏమైందో తెలియదు" అని ముగించింది. "తెలియదు అంటే పాఠకుడు ఊరుకుంటాడా అండీ? జైల్లో ఆమె ఏం అనుభవించిందో రెండు పేజీలు కన్నీళ్లు పెట్టించేటట్టు రాయించండి. చివర్లో పశ్చాత్తాపం ఉండాలి. అది లేకపోతే నేను వేయలేను" అన్నాడు.

టీచరమ్మకు చెబితే ఒప్పుకోదని తెలుసు. ఆమె ఎడమ కన్ను గుర్తొచ్చింది. ఆమెకు చెప్పకుండా నేనే కూర్చుని ఆ రెండు పేజీలు రాసి పంపేశాను.

అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే ఆశ్చర్యం. రాతిగోడ, చిన్న తలుపు. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా ఆమె తలుపు వైపు చూస్తుంది. వస్తానన్నవాడు రాడు. అడుగుల చప్పుడు వినిపిస్తుంది, పక్క గది దాకా వచ్చి ఆగిపోతుంది. ఆఖరికి ఆమె ఏడ్చి, తప్పంతా తనదేనని దేవుడికి చెప్పుకుంటుంది. ప్రచురణకర్త తెగ మెచ్చుకున్నాడు.

ఇరవై రోజులకు ప్రూఫులు వచ్చాయి. అక్షరాలు చిన్నవి, ఆమెకు ఆనడం లేదు. "నువ్వే చదువు, వింటా" అంది. మూడు రోజులు వాళ్లింటి వసారాలో కూర్చుని చదివాను. మూడో రోజు జమైకా అధ్యాయం వచ్చింది. ఆ రెండు పేజీలు తిప్పేసి తర్వాతి అధ్యాయంలోకి పోవచ్చు. ఆమెకు కనిపించదు. పుస్తకం అచ్చయ్యాకా కనిపించదు. చూపు పోతున్న మనిషి ముందు కూర్చుని పేజీ దాటేయడం నావల్ల కాలేదు. చదివాను.

మధ్యలో ఆపలేదు ఆమె. చివరిదాకా వింది.

"బాగుంది. ఎవరు రాశారే?"

"నేనే."

"అది కాదు నేనడిగేది. ఎవరికి జరిగింది ఇది?"

నా బిడ్డ కడుపులో ఉండగా బీపీ పెరిగి నరసరావుపేట ఆస్పత్రిలో పదకొండు రోజులు ఉన్నాను. సాయంత్రానికి వస్తానని చెప్పి వెళ్లిన నా భర్త ఆ పదకొండు రోజుల్లో రాలేదు, ఆ తర్వాతా రాలేదు. వార్డు తలుపు ఎదురుగానే నా మంచం. ఈ సంగతి గురజాలలో అందరికీ తెలుసు, ఎవరూ నా ముందు అనరు. నేనూ ఎవరితోనూ అనలేదు. ఆ రోజు ఆమెతో అన్నాను. మొత్తం అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకోలేదు, ఓదార్చలేదు. చివరిదాకా విని, "చూడమ్మాయ్, నీకు జరిగింది చిన్న సంగతి కాదు. దాన్ని తీసుకుపోయి ముక్కూ మొహం తెలియనామెకి ఎందుకు అంటగట్టావ్? ఆమె ఏడ్చిందో లేదో మనం చూశామా? ఏడవకపోయుంటే? జైలోణ్ణి తిట్టి, గోడదూకి పోయి, ఎక్కడో హాయిగా బతికుంటే? ఆమె బతుకు ఆమెకి వదిలెయ్. నీది నువ్వు రాయి, నీ పేరుతో" అంది. తర్వాత ఇంకో మాట అంది. "ఇంకోటి. నువ్వు రాసిందాంట్లో చివర్న ఆమె తప్పంతా తనదే అంటది. ఆస్పత్రిలో నువ్వూ అట్టాగే అనుకున్నావా?"

అనుకున్నాను. ఎనిమిదేళ్లు అనుకున్నాను. ఆమె అడిగేదాకా, అది అబద్ధమని నాకు తట్టలేదు.

ఆ సాయంత్రమే ప్రచురణకర్తకు ఫోన్ చేసి ఆ రెండు పేజీలు తీసేయమన్నాను. తీస్తే పుస్తకం వేయనన్నాడు. ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలా అని మర్నాడు పొద్దుటిదాకా కుమిలిపోయాను. చెబితే ఆమె, "సరే అయితే. పెద్ద పుస్తకం కాకపోతే చిన్న పుస్తకం" అని లేచి చెప్పులేసుకుంది. నరసరావుపేటలో పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు వేసే ప్రెస్సు ఒకటుంది. దాని ఓనరు ఆమె దగ్గర చదువుకున్నామె తమ్ముడు. మూడు వందల కాపీలు. అట్ట మీద ఆడబొమ్మ వద్దంది, ఒట్టి సముద్రం పటం వేయించింది.

కట్టలు విప్పిన రోజు ఆమె ఒక పుస్తకం తీసుకుని ముక్కుకి ఆనించుకుంది. పేజీ ఎడమ కంటికి అంగుళం దూరంలో పెట్టుకుని, జమైకా అధ్యాయం చివరికి వెళ్లి వేలితో తడిమింది. "ఇక్కడేనా?" అంది. "ఇక్కడే" అన్నాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "తె... లి... య... దు." చదవడం నేర్చిన పిల్ల మొహంలా ఉంది ఆ మొహం. "ఇది రాయడానికే ఎక్కువ చదువు కావాలి" అంది.

హైస్కూల్లో చిన్న సభ పెట్టారు. ఒక పెద్దమనిషి మైకు తీసుకుని, "మన గురజాల కోటలో మంత్రాంగం నడిపిన నాయకురాలు ఉండగా, ఎక్కడో పరాయి దేశం దొంగలెందుకమ్మా మన పిల్లలకి?" అన్నాడు. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె కూర్చునే జవాబిచ్చింది. "మీరన్నది నిజమే బాబాయిగారూ. మన నాయకురాలి గురించి చిన్నప్పటి నుంచి వింటున్నాం. కోడిపందెం, పంతం, నోరు, ఇవే విన్నాం. ఆమె రాజ్యం ఎట్టా నడిపిందో, చెరువుల సంగతేందో, పన్నుల సంగతేందో ఎవురన్నా చెప్పారా? ఆడదాని కథని ఎట్టా చదవాలో నేను ఈ ఊళ్లోనే నేర్చుకున్నా. ఆ చదువే ఆ సముద్రం దాకా తీసుకుపోయింది." ఆయన మైకు బల్ల మీద పెట్టాడు. తర్వాత చప్పట్లు కొట్టిన మొదటి మనిషి ఆయనే.

మూడు వందల కాపీలూ అయిపోయాయి. ముప్పాళ్ల, మాచర్ల, వినుకొండ బళ్ల నుంచి టీచర్లు అడిగి తీసుకెళ్లారు. నాకు మాత్రం ఆ పుస్తకం ఇచ్చింది వేరే. ఆమె మాట మీద ఆ పదకొండు రోజుల గురించి రాయడం మొదలుపెట్టాను. రాసిన ప్రతి ముక్కా ఆమెకు చదివి వినిపించేదాన్ని. ఒకచోట, "ఆయన ఎందుకు రాలేదో నాకు తెలుసు" అని రాశాను. ఆమె చెయ్యి ఎత్తింది.

"నిజంగా తెలుసా?"

ఆలోచించాను. తెలియదు. భయపడ్డాడో, ఇంకెవరైనా ఉన్నారో, బిడ్డ వద్దనుకున్నాడో, నాకు నిజంగా తెలియదు. ఆ వాక్యం కొట్టేశాను. కొట్టేశాక పన్నెండేళ్లుగా ఆ మనిషితో మనసులో నేను చేస్తున్న వాదన ఆగిపోయింది. మా అమ్మాయి ఇప్పుడు ఏడో తరగతి. నాన్న ఎందుకు వెళ్లిపోయాడని అడిగినప్పుడు దాని మొహంలోకి చూసి, "తెలీదురా" అని చెప్పగలుగుతున్నాను. అబద్ధం చెప్పినప్పుడల్లా బిగుసుకుపోయే పిల్ల, నిజం చెబితే తల ఊపి వెళ్లి ఆడుకుంది.

పోయిన నెలలో ఆమె చెల్లెలి దగ్గర కొన్నాళ్లు ఉండొస్తానంది. కృష్ణ దాటితే తెలంగాణ, బల్లకట్టు మీద పోవాలి. నా స్కూటీ మీద రేవు దాకా దింపాను. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎక్కిస్తున్నారు, రెండు మోటారు సైకిళ్లు, ఒక మేకల మంద. బల్లకట్టు నడిపే అతను చెయ్యిచ్చి ఎక్కించబోతే, "దారి చెప్పు నాయనా చాలు, కాళ్లు నావే" అని తడుముకుంటూ ఎక్కింది. చేపల గంపతో ఉన్న ఒక ముసలామె జరిగి పక్కన చోటిచ్చింది.

ఇంజను మొదలైంది. బల్లకట్టు ఒడ్డు వదిలి మెల్లగా తిరిగింది. ఎండ నీళ్ల మీద పడి కళ్లు చెదురుతున్నాయి. చేపలామె చేతులు ఊపుతూ ఏదో చెబుతోంది, టీచరమ్మ తల పూర్తిగా ఆమె వైపు వంచి వింటోంది. ఇంజను మోత దాటి ఇద్దరి నవ్వూ ఒడ్డు దాకా వచ్చింది. ఒక మేకపిల్ల టీచరమ్మ చీరకొంగు నములుతోంది. ఆమె చూసుకోలేదు. బల్లకట్టు మధ్య ధారలోకి పోయేదాకా ఆ తెల్లకొంగు కొస అలా కదులుతూనే ఉంది.